షికాగో నుంచి ఊరికి ఎన్ని గంటలు?

హైదరాబాదు నుంచి షికాగోకి భూగోళం మీద దారం లాగి కొలిస్తే దాదాపు 13,300 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా ఎగిరితే 16 గంటల లోపే. కానీ "నాన్నకి సీరియస్" అని అర్ధరాత్రి ఫోను అందుకున్నవాడు ఊరు చేరేది మూడో రోజున. అప్పటికి ఇంటి ముందు ఫ్రీజర్ బాక్సు, చుట్టూ చుట్టాల ఎదురుచూపులు. ఈ లెక్క మనకెవరూ నేర్పనక్కర్లేదు.

మరి మిగతా గంటలన్నీ ఏమవుతున్నాయి? గల్ఫ్ మీదుగా వెళ్తే పెరిగే దారి సుమారు వెయ్యి కిలోమీటర్లే, మహా అయితే గంటన్నర. తక్కినదంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పడిగాపులు, ఆపైన శంషాబాదు నుంచి కరీంనగరుకో ఒంగోలుకో రోడ్డు. అందుకే మనవాళ్ళు ఎక్కడ నలుగురు కలిసినా డైరెక్ట్ ఫ్లైట్ మాట వస్తుంది. న్యాయమైన కోరికే. కానీ జరిగిందేమిటో కూడా చూడాలి. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాదు-షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, అది నిలవలేదు. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూరుకి, ఖాళీ సీట్ల నష్టం రాష్ట్ర ప్రభుత్వమే భరించే ఒప్పందం మీద విమానం ఎగిరింది, 2019లో ఆగిపోయింది. ఇంత దూరం పోయే విమానం ఇంధనాన్ని మొయ్యడానికే బోలెడు ఇంధనం తగలేస్తుంది. ఆ ఖర్చు టికెట్టు మీద పడితే, వంద డాలర్ల తేడాకి దోహాలో దిగిపోయే జనం మనం. (కోపగించుకోకండి, నాతో సహా.)

పైగా ఆకాశం కూడా మన చేతిలో లేదు. 2022లో రష్యా గగనతలం అమెరికన్ ఎయిర్‌లైన్సుకి మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు దారి మూసేసింది. ఆ సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసు ఆపేస్తూ ఎయిరిండియా చెప్పిన కారణాల్లో, విమానాల కొరతతో పాటు ఈ చుట్టుదారి కూడా ఉంది.

ఇంతకీ మనల్ని అసలు ఆపుతున్నది విమానం కాదు, పాస్‌పోర్టులోని స్టాంపు. వీసా గడువు తీరిన హెచ్-1బి ఇంజనీరు టికెట్టు కొనేముందు లేఓవర్ గురించి ఆలోచించడు, తిరిగి రాగలనా అని ఆలోచిస్తాడు. స్టాంపింగుకి అపాయింట్‌మెంటు దొరక్క, తండ్రి కర్మకాండ వీడియోలో చూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. 2008లో హైదరాబాదులో అమెరికన్ కాన్సులేట్ తెరిచాక వీసా కోసం చెన్నై పరుగులు తప్పాయి. ఏ కొత్త విమానమూ మనకు అంత టైం మిగల్చలేదు.

2024 జనవరి చివర్లో అమెరికా విదేశాంగ శాఖ హెచ్-1బి వీసాలను దేశం దాటకుండానే రెన్యూ చేసే పైలట్ కార్యక్రమం మొదలుపెట్టింది, 20,000 దరఖాస్తుల పరిమితితో. ఏప్రిల్ 1 నాటికి అది ముగిసింది. చేయదలిస్తే చేయొచ్చని మాత్రం తేలిపోయింది.

డైరెక్ట్ ఫ్లైట్ పిటిషన్ మీద సంతకం పెట్టండి, వద్దనం. దానికంటే ముందు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోను చేసి, ఈ రెన్యువల్ని శాశ్వతం చేయమని అడగండి. ఓటు లేకపోయినా అడగొచ్చు, ఆ నియోజకవర్గంలో కాపురముంటే చాలు.