వీణతో ఊరూర



నాగర్‌కర్నూలునుండి యొక గృహిణి వ్రాసిన జాబు ఈ నెల నా యెదుట నున్నది. ఆమె కోడలు వీణ చక్కగా వాయించునట. వాద్యబృంద మొకటి ఆమెను మూడు వారముల పర్యటనమునకు రమ్మని పిలిచినది. ఇంట రెండేండ్ల బిడ్డడు కలడు. "పంపవచ్చునా? పంపినచో నలుగురేమందురు?" అని ప్రశ్న. అట్టి బృందముతో పదునాలుగేండ్లు తిరిగినదానను గనుక, చూచినది చూచినట్లు చెప్పెదను.

మొన్నటి చైత్రమున మే మైదుగురము మీ ప్రాంతమునకే వచ్చితిమి. గద్వాలకు రైలు కలదు. వనపర్తి రోడ్డను పేరు నమ్మి దిగినవారికి స్టేషను మదనాపురములో నున్నదనియు, ఊరు చేరుటకు మరల బండి కావలెననియు అప్పుడు తెలియును. నాగర్‌కర్నూలునకు రైలే లేదు. ఇక పాలమూరి యెండ మీకు నేను చెప్పవలెనా! వీణకున్న యిరువదినాలుగు మెట్లును నల్లని మైనముపై నిలుచును. మైనము మెత్తబడి మెట్టు వెండ్రుకవాసి జరిగినను గాంధారము గాంధారము కాదు. కనుక దానిని బొంతలో చుట్టి, పసిబిడ్డవలె నీడననే యుంచవలెను. మృదంగమున కెడమప్రక్క రవ్వముద్ద యద్దుదురు గదా, ఆ రవ్వ తడిపి యిచ్చుటయు మా ఆడువారి పనియే యని మొదట మార్దంగికు డనుకొనెను. రెండవ దినమున రవ్వసంచి ఆయన చేతికే యిచ్చితిని. అప్పటినుండి మృదంగము మునుపటికంటె బాగుగనే పలుకుచున్నది.

గద్వాలలో నొక నూలుచీర కొంటిని. ఒడలు నూలు, అంచు పట్టు. దీపముల వేడిలో మూడు గంటలు కూర్చుండవలసినదాని కంతకంటె సుఖమైన చీర లేదు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ నడిగడ్డకు సంస్థానముల కాలమున పండితులు దూరదేశములనుండి వచ్చెడివారు. విద్వద్గద్వాల యని దానికి పేరు. తిరుపతి వేంకటకవులును అచట సన్మానము లందినవారే. ఆ నెలలలో వారి యిండ్లలో పొయ్యి నెవరు వెలిగించిరో, జ్వరపడిన బిడ్డల నెవరు మోసిరో ఏ సన్మానపత్రమును జెప్పదు. మగవాడు విద్యకై దేశములు తిరిగినచో నలుగురును ఏమియు ననలేదు.

సంచారము మీ సీమకు క్రొత్తయు గాదు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరతో ఊరూర పాడినవారే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆడువారి మాట యందురా? విజయనగరమున బుట్టిన అవసరాల కన్యాకుమారిగారు ఎం.ఎల్. వసంతకుమారిగారి వెంట ఎన్నో యేండ్లు వయొలిన్ వాయించి, వయొలిన్, వీణ, నాదస్వరములను గూర్చి వాద్యలహరి యను మేళమును నడపిరి. 2016లో మద్రాసు సంగీత అకాడమీ ఆమెకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. వయొలిన్ వాయించు స్త్రీల కది మొదటిసారి. ఐనను ఆ బిరుదమును జూపి మీ కోడలిని పంపుమనను. బిరుదము లందరికిని రావు. ప్రయాణపు బడలిక మాత్ర మందరికిని వచ్చును.

నా సంగతి చెప్పెదను. మా బిడ్డకు మూడవయేట నేను వనపర్తిలో నుండగా వానికి జ్వరము వచ్చినది. మా అత్తగారు నాలుగు దినములు దానిని దాచిరి. ప్రతిరాత్రియు ఫోనులో "ఆడుకొని నిద్రపోయినాడమ్మా" అనిరి. నా మేలు గోరియే యనిరి, నేనెఱుగుదును. ఇల్లు చేరిన రాత్రి బిడ్డ నన్ను జూచి ఆమె కొంగుచాటున దాగెను. ఆరునెలలు వీణ ముట్టలేదు. నన్నెవ్వరును మానుమనలేదు, నేనే నన్ను శిక్షించుకొంటిని. అదియు తెలివిమాలిన పనియే, బిడ్డ కందువలన నొరిగినదేమియు లేదు. తుద కొకనాడు మా అత్తగారే బొంత విప్పి వీణ నా ముందు బెట్టిరి. అప్పుడు మేమిద్దరమును ఒక యొడంబడిక చేసికొంటిమి. జ్వరమున్నచో జ్వరమనియే చెప్పవలెను. తిరిగివచ్చుటయో నిలుచుటయో నేను తేల్చుకొందును. ఆ పిమ్మట రెండుమార్లు సగములో తిరిగివచ్చితిని. ఒకమారు నిలిచితిని.

కావున అమ్మా, నలుగురి మాట యటుంచి, ఆ యొడంబడిక మీ యింట కుదురునో లేదో ముందు చూడుడు. కుదిరినచో పంపుడు. పంపునప్పుడు దారిఖర్చు ముందుగనే యడుగుడు. ఒక యూర మాకు శాలువయు కొబ్బరికాయయు నిచ్చి సాగనంపిరి, చార్జీలు మేమే పెట్టుకొంటిమి. బస గదికి గడియయున్నదో లేదో కూడ విచారింపుడు. ఆ యూరనే గడియ లేక, తలుపున కడ్డముగా వీణపెట్టెను జరిపి రాత్రంతయు దానిపై చేయి వేసి పరుండితిమి.

కోడలు బయలుదేరు దినము నిశ్చయమైనచో తెలుపుడు. ఎండలో మైనము కరగకుండ వీణను చుట్టు విధము ఆమెకే విడిగా వ్రాసెదను.