అత్తయ్యగారు ముందు నవ్విన రోజు

మా అత్తయ్యగారికి నాలుగైదేళ్ళుగా వినికిడి బాగా తగ్గిపోయింది. చెవి మిషను కొన్నాం. "గుయ్‌మంటోందే అమ్మాయ్" అంటూ తీసి డబ్బాలో పెట్టేశారు. టీవీ ముందు కూర్చుంటే సౌండు పెంచమని ఆవిడ, తగ్గించమని పిల్లలు. కొన్నాళ్ళకి ఆవిడే అడగడం మానేశారు. మేమంతా నవ్వినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, మా మొహాలు చూసి, తనూ నవ్వేవారు. అది గమనించడానికి నాకు చాలా నెలలు పట్టింది. గమనించాక ఇంక ఏ సినిమా చూసినా నాకు నవ్వు రాలేదు.

ఓటీటీలో మన తెలుగు సినిమాలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి కానీ తెలుగువి అరుదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

కిందటి వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి చార్లీ చాప్లిన్ ‘ద కిడ్’ పెట్టింది. 1921 నాటి మూకీ సినిమా. చార్లీకి వీధిలో ఒక పసిగుడ్డు దొరుకుతాడు. ఇంట్లో సామానా, డబ్బా? ఏమీ లేవు. బిడ్డని గుడ్డ ఉయ్యాల్లో వేసి, కాఫీ కెటిల్ కొమ్ముకి పాలపీక తొడిగి, తాడుతో పైనుంచి వేలాడదీస్తాడు. వాడు హాయిగా తాగుతూ ఉంటాడు. అది చూసి అత్తయ్యగారు పకపకా నవ్వారు. మాకంటే ముందు. మేం ఆవిడ మొహం చూసి నవ్వాం.

తరువాత అనాథాశ్రమం వాళ్ళు వచ్చి ఆ పిల్లవాణ్ణి బండిలో ఎక్కించేస్తారు. వాడు చేతులు చాచి ఏడుస్తుంటే చార్లీ ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తుతాడు. అత్తయ్యగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. తెర మీద అక్షరాలు పడినప్పుడల్లా మా అమ్మాయి పలక మీద తెలుగులో రాసి చూపించింది. నిజానికి సగం వాటికి పలక అవసరమే రాలేదు.

అప్పటినుంచీ ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో మూకీ సినిమాలే. మా వారు మొదట్లో "ఈ రోజుల్లో నలుపు తెలుపులు ఎవరు చూస్తారోయ్" అన్నారు. బస్టర్ కీటన్ ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీద పడి, కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట రావడంతో బతికిపోతాడు చూడండి, అది చూశాక ఆయన నోరెత్తలేదు. మా వాళ్ళింకా నేర్చుకోవలసింది ఫోను పక్కన పెట్టడం. మాటల సినిమా అయితే కూర తరుగుతూ వినేయొచ్చు. మూకీ అలా కుదరదు, కళ్ళు తిప్పితే కథ పోతుంది. నాకు బాగా నచ్చింది అదే. వారానికి రెండు గంటలు మా ఇంటిల్లిపాదీ ఒక్క చోటికే చూస్తున్నాం.

ఇంకో సుఖం ఏమిటంటే, మధ్యలో మాట్లాడుకోవచ్చు. "ష్" అనేవాళ్ళు ఉండరు. ఒకసారి మన మూకీల మాట వచ్చింది. 1913లో ఫాల్కే గారు ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషానికి ఆడవాళ్ళెవరూ ముందుకు రాకపోతే, హోటల్లో వంట చేసే అన్నా సాలుంకే అనే అబ్బాయి చేత వేయించారట. పలక మీద రాసి చూపిస్తే అత్తయ్యగారు "పోనీలే, వంటింటి కష్టం తెలిసినవాడే వేశాడు" అన్నారు. ‘ద కిడ్’ వచ్చిన 1921లోనే మన రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ఇప్పుడు చూద్దామంటే అది మిగల్లేదు. దాచుకోకపోతే పోయేవి సినిమాలొక్కటే కాదనిపించింది నాకు.

మూకీలన్నీ గొప్పవని నేననను. కొన్ని సాగదీతగా ఉంటాయి. కొన్నిటిలో ఆడపిల్లకి హీరో వచ్చి రక్షించేదాకా ఎదురుచూడడమే పని. అలాంటివి చూసినప్పుడు అత్తాకోడళ్ళం కలిసే తిట్టుకుంటాం. కానీ ఇవి పాతసామాను, రెండు నిమిషాల కామెడీ ముక్కలు చూస్తే చాలు అంటే మాత్రం ఒప్పుకోను. ఇంట్లో వినపడని పెద్దవాళ్ళుంటే ఒక్కసారి పూర్తి సినిమా పెట్టి పక్కన కూర్చోండి. వాళ్ళ కోసం దయతో పెట్టినట్టు కాదు, మీరూ చూడండి.

మొన్న ‘సిటీ లైట్స్’ చూశాం. 1931లో, మాటల సినిమాలు వచ్చేసిన తరువాత కూడా, చాప్లిన్ పట్టుబట్టి సంభాషణలు లేకుండా తీసింది. చివర్లో, చూపు వచ్చిన పూలమ్మాయి ఎదురుగా ఉన్న చార్లీని గుర్తుపట్టదు. జాలిపడి చేతిలో నాణెం పెట్టబోతూ, ఆ చెయ్యి తగలగానే పోల్చుకుంటుంది. అది సుఖాంతమా కాదా అని మా వారూ, అమ్మాయీ వాదించుకున్నారు. అత్తయ్యగారు పలక పక్కన పెట్టి, "కళ్ళొచ్చినా చేత్తోనే కదే పోల్చుకుంది" అన్నారు.

ఆ మాట తరువాత నేను గది బయటినుంచి ఆవిణ్ణి కేకేసి పిలవడం మానేశాను. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని చెబుతున్నాను. ఆవిడకి చాలావరకు అర్థమవుతోంది.