బిరడలు మార్చే ముందు నట్ చూడండి

ఉస్మానియా క్యాంపస్‌కు పాట కొత్త కాదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆర్ట్స్ కాలేజీ ముందు వేలమందిని కదిలించడానికి ఒక డప్పు, ఒక గొంతు సరిపోయాయి. ఆ ప్రాంగణంలోనూ, పక్కనే ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనూ, తార్నాక అద్దె గదుల్లోనూ ఇవాళ ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే విద్యార్థులు ఉన్నారు. వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది శ్రుతి. రెండు పాటలు వాయించేసరికి తీగ దిగిపోతుంది. వెంటనే వినిపించే సలహా, లాకింగ్ ట్యూనర్లు వేయించుకోమని. మంచి సెట్టు కొనాలంటే వేల రూపాయల్లో ఖర్చు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో గిటార్ కొన్నవారికి అది చిన్న మొత్తం కాదు. ఆ వస్తువు మంచిదే, సలహాలో వరసే తప్పు. చివర చేయాల్సిన ఖర్చును అది మొదట చేయిస్తోంది, అసలు జబ్బును చూడకుండా దాటిపోనిస్తోంది.

ముందు ఆ పరికరం చేసే పనేమిటో చూద్దాం. మామూలు ట్యూనర్‌లో, అంటే గిటార్ తల దగ్గరి బిరడలో, తీగ కొసను స్తంభానికి ఉన్న రంధ్రంలో దూర్చి, రెండు మూడు చుట్లు చుట్టి బిగిస్తారు. చుట్ల రాపిడే తీగను పట్టి ఉంచుతుంది. చుట్లు వదులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పడితే, తీగను లాగినప్పుడల్లా అవి కాస్త కాస్త సర్దుకుని శ్రుతిని దించుతాయి. లాకింగ్ ట్యూనర్‌లో వెనకవైపు ఉన్న మరను తిప్పితే స్తంభం లోపలి పిన్ను తీగను నొక్కి పట్టేస్తుంది. ఒక పూర్తి చుట్టు కూడా అక్కర్లేదు. 1980లలో అమెరికాలోని స్పెర్జెల్ కంపెనీ వీటికి పేరు తెచ్చింది. జర్మనీలో షాలర్, జపాన్‌లో గోటో వంటి సంస్థలు కూడా వీటిని తయారుచేస్తున్నాయి. అయితే చాలామంది అనుకుంటున్నట్టు ఇది మనం తిప్పే కీ వెనక్కి తిరగకుండా వేసే తాళం కాదు. ఆ రక్షణ మామూలు ట్యూనర్‌లోనే ఉంది. అందులోని మర పళ్లచక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం మరను తిప్పలేదు. కీని 14 లేక 15 సార్లు తిప్పితే గానీ స్తంభం ఒక్కసారి తిరగని అమరిక అది. పళ్లు అరగని ట్యూనర్ తీగ బిగువుకు లొంగి వెనక్కి తిరగదు. వీణ బిరడకైతే గేర్లే లేవు. కర్రకూ కర్రకూ మధ్య రాపిడే దాని పట్టు, ఆ పట్టుతోనే కచేరీలు సాగుతున్నాయి.

మరి శ్రుతి ఎక్కడ జారుతోంది? తీగ పలికే కంపన సంఖ్య దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కన బిగువు నూటికి ఒక పాలు తగ్గితే శ్రుతి అర్ధస్వరంలో సుమారు పన్నెండో వంతు దిగుతుంది. మిగతా తీగలతో కలిపి మీటినప్పుడు ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఇంత చిన్న మార్పుకు కారణాలు చాలా ఉంటాయి. కొత్త తీగ కొంతసేపు సాగుతూనే ఉంటుంది. ఏసీ గదిలో శ్రుతి చేసిన గిటార్‌ను మే నెల సాయంత్రం ఆరుబయట వేదిక ఎక్కిస్తే, ఉక్కు తీగ వేడికి సాగి శ్రుతి దిగుతుంది. అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం నట్. మెట్ల పలక పైచివర, తీగలు గాట్లలో కూర్చునే చిన్న పట్టీ అది. గాటు ఇరుకుగానో గరుకుగానో ఉంటే, లాగిన తీగ వదిలాక తన చోటికి పూర్తిగా తిరిగి రాదు. శ్రుతి చేస్తున్నప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరిందంటే తీగ అక్కడ చిక్కుకుంటోందని గుర్తు. తీగను గట్టిగా లాగి వదిలాక శ్రుతి దిగితే, నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉన్న తీగను ఒకసారి వేలితో నొక్కి వదలండి. శ్రుతి మళ్లీ పైకి వస్తే దోషం ట్యూనర్‌ది కాదు. అలాంటి గిటార్‌కు లాకింగ్ ట్యూనర్లు వేయించడం, వాషర్ అరిగి కుళాయి కారుతుంటే మేడ మీది ట్యాంకు మార్చడం లాంటిది.

ఈ వాద్యం చరిత్రే దీనికి సాక్ష్యం. స్వరాలను ఊగించే మీట ఉన్న స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చినప్పటి నుంచి, ఆ మీట నొక్కితే శ్రుతి చెడటం వాదకులకు పెద్ద తలనొప్పి. దానికి గట్టి పరిష్కారం చూపినవాడు ఫ్లాయిడ్ రోజ్. 1979లో పేటెంట్ పొందిన ఆయన పద్ధతిలో తీగను బిగించి పట్టేది నట్ దగ్గర, తీగ రెండో చివరనున్న బ్రిడ్జి దగ్గర. నట్ దగ్గర తీగను కదలకుండా పట్టేస్తే ఇక దాని వెనకనున్న ట్యూనర్ ఏ రకమైనా ఒకటే. జబ్బు ట్యూనర్‌లోనే ఉంటే ఆయన మందు అక్కడే వేసి ఉండేవాడు. మన రాగాలను గిటార్ మీద పలికించాలనుకునేవారికి ఈ సంగతి ఇంకా ముఖ్యం. గమకమంటే చాలాసార్లు తీగను లాగడమే, లాగిన ప్రతిసారీ అది నట్ గాటులో జరిగి వెనక్కి రావాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద నాలుగు జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. తన సంగీతానికి ఆ వాద్యంలో ఏది అడ్డమో గ్రహించి దాన్నే మార్చడం అంటే అది.

ఈ వాదనకు చెప్పే అభ్యంతరాల్లో బలమైనవి ఉన్నాయి. లాకింగ్ ట్యూనర్లు వేయించాక శ్రుతి నిజంగానే మెరుగుపడిందని చాలామంది అంటారు. వాళ్ల మాటను నమ్ముతాను. కానీ ట్యూనర్లు మార్చేటప్పుడు తీగలూ కొత్తవి వేస్తారు, నట్‌నూ చాలాసార్లు శుభ్రం చేస్తారు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్లో తేలదని, పరిశోధనశాలలు బారులు తీరిన తార్నాకలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ముందు నట్ సరిచేసి, తీగలు మార్చి, సరిగ్గా చుట్టి చూడాలి. అప్పటికీ జారితే ట్యూనర్ల సంగతి ఆలోచించాలి. వేదిక మీద తీగ తెగితే త్వరగా మార్చుకోవచ్చన్నది రెండో మాట. అది పూర్తిగా నిజం, తరచూ ప్రదర్శనలిచ్చే బృందాలకు ఆ ఖర్చు తగినదే. నేర్చుకునేవారికి తీగ చుట్టడం చేతకాదు, ఈ పరికరం ఆ తప్పుకు తావివ్వదన్నది మూడోది. ఇదే అన్నిటికంటే బలమైనది. పదిమంది చేతులు మారే కాలేజీ గిటార్‌కు లాకింగ్ ట్యూనర్లు ఉండాలనే నేనూ అంటాను. సొంత గిటార్ ఉన్నవారు మాత్రం తీగ చుట్టడం ఒక పూటలో నేర్చుకోవచ్చు, ఆ విద్య తర్వాత ఏ గిటార్ చేతికొచ్చినా పనికొస్తుంది.

ఇది విద్యార్థి జేబుకే వదిలేయాల్సిన విషయం కాదు. రాపిడి, బిగువు, ఉష్ణ వ్యాకోచం పాఠాల్లో ఉన్నవే. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి వాటిని చెబుతోంది. పాఠంలో ఉన్న సూత్రానికీ చేతిలో ఉన్న గిటార్‌కూ మధ్య వంతెన వేయాల్సింది విశ్వవిద్యాలయమే. అందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, నట్ గాట్లు సవరించే సన్న ఆకురాళ్లు, గాట్లలో రాయడానికి పెన్సిల్ గ్రాఫైట్, వారానికొక సాయంత్రం పని చూపించే ఒక మరమ్మతు నిపుణుడు ఉంటే చాలు. గిటారే కాదు, వీణ, వయొలిన్ కూడా ఆ బల్ల మీదికి రావచ్చు. వాద్యం బాగుచేయడం మన దగ్గర గౌరవంతో పాటు ఉపాధీ ఇవ్వగల విద్య. దాన్ని క్యాంపస్‌లో నేర్పితే విద్యార్థులు కొనే ముందు పరీక్షించడం అలవాటు చేసుకుంటారు. లాకింగ్ ట్యూనర్లు ఎవరికి అవసరమో అప్పుడు వాళ్లే తేల్చుకుంటారు, అవసరం లేనివారు ఆ డబ్బుతో రెండేళ్లకు సరిపడా మంచి తీగలు కొనుక్కుంటారు.