ఎత్తిన చేయి

మన గుంతకల్లు రైలుబండ్ల కూడలి. రైలుద్యోగి కాపురము లేని వీధి ఈ యూర నరుదు. అర్ధరాత్రమున, ఊరికి మైళ్ళ దూరమున, చుట్టును బీడును చీకటియు తప్ప మఱేమియు లేని చోట ఎఱ్ఱదీపము కానవచ్చినచో, వేలకొలది టన్నుల బరువును లాగుకొనివచ్చు ఇంజను డ్రైవరు బండిని నిలుపును. "నన్నేల ఆపితివి?" అని అతడు దీపముతో తగవులాడడు. తనకు అవమానము జరిగినదని తలపడు. ఆ దీపమున కావల ఏమున్నదో తనకు కానరాదు గనుక, ఎఱిగినవారు పెట్టిన గుర్తును నమ్ముట తన ధర్మమని అతడెఱుగును.

ఆ డ్రైవరు కుమారుడే మోటారుసైకిలుపై బజారునకు పోవునపుడు, కూడలియందు కానిస్టేబులు చేయి యెత్తినచో జరుగునది వేఱు. మోచేతికి తగిలించుకొన్న హెల్మెట్టు చటుక్కున తలకెక్కును. కూడలి దాటగానే మరల మోచేతికి దిగును. కొందఱు దూరమునుండియే టోపీని చూచి బండి త్రిప్పుకొని, ఎదురుగా వచ్చు లారీలను లెక్కసేయక తప్పుదిక్కున పఱుగెత్తింతురు. ఎదురుపడినవారు దీపములు మినుకుమనిపించి, "ముందు పోలీసులున్నారు" అని యొకరినొకరు హెచ్చరించుకొందురు. ముందు గుంత యున్నదనియో, పసిపిల్లలు బాట దాటుచున్నారనియో ఇంత శ్రద్ధతో చెప్పుకొనుట మాత్రము కానము. పట్టుబడినవాడు జేబునుండి మొదట తీయునది లైసెన్సు కాదు, సెల్‌ఫోను. "మా మామతో ఒక్క మాట మాట్లాడండి సార్" అనును. అట్టి మామ లేనివాడు ప్రక్కకు పిలిచి, "ఏదో ఒకటి చూసుకోండి సార్" అనును.

తండ్రి దీపమును నమ్మును, కొడుకు చేతిని నమ్మడు. ఈ భేదమేల కలిగినది?

తప్పంతయు ప్రజలదే యని తీర్పు చెప్పుట సులభము. న్యాయము మాత్రము కాదు. మన భయమునకు పాతకారణము లున్నవి. మద్రాసు రాజధానిలో శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుచున్నారన్న ఫిర్యాదులను విచారించుటకు నియమింపబడిన సంఘము 1855లో తన నివేదికనిచ్చి, ఆ హింస వాస్తవమేయని తేల్చెను. అప్పటికి శిస్తుపనియు పోలీసుపనియు చాలవఱకు ఒకే యుద్యోగుల చేతులలో నుండెను. 1859 నాటి చట్టముతో పోలీసుశాఖ వేఱు చేయబడినది. ఆనాటికి మన ప్రాంతము బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా యేర్పడినది 1882లో. శాఖ వేఱయ్యెను గాని, పోలీసువాడన్న భయము ఇండ్లలో నిలిచిపోయెను. అన్నము తినని బిడ్డను "పోలీసొస్తాడు" అని బెదరించు తల్లులు ఈనాటికిని కలరు. అట్లు పెరిగిన బిడ్డ పెద్దవాడై, ఎత్తిన చేతిని చూచి రక్షణ యని యెట్లు తలచును?

క్రొత్త కారణములును లేకపోలేదు. కారులో వచ్చినవానికి "సార్" అనియు, సైకిలుమోటారుపై వచ్చిన కూలివానికి "ఏరా" అనియు పలుకు నోళ్ళను ప్రజలు మఱవరు. మలుపున పొంచియుండి హఠాత్తుగా బండికడ్డము వచ్చుట, అడుగకయే తాళపుచెవిని లాగికొనుట, రసీదు లేకయే సొమ్ము పుచ్చుకొనుట, ఇట్టి పనులు ఒక్కడు చేసినను, ఆ మాట పదిమంది మంచివారి శ్రమను మ్రింగివేయును. మండుటెండలో ఎనిమిది గంటలు పొగత్రాగుచు, అనగా మన బండ్ల పొగను పీల్చుచు, కూడలిలో నిలిచిన నిజాయితీపరుడు తాను చేయని తప్పునకు మన కంటిలో ముద్దాయి యగుచున్నాడు.

గౌరవము యూనిఫారమువలన రాదన్న సంగతి మన యూరి చరిత్రయే చెప్పుచున్నది. 1893లో గుంతకల్లునందు తెల్లసిపాయీలు స్త్రీలను వెంబడింపగా, హంపన్న యను రైలుగేటు కాపరి వారికి అడ్డము నిలిచి, తుపాకిగుండునకు బలియయ్యెను. గుత్తి న్యాయవాది కేశవపిళ్ళె ఆ యన్యాయమును పత్రికల ద్వారా లోకమునకు తెలిపెను. ఆనాడు రాణి యిచ్చిన దుస్తులు ధరించినవారు సిపాయీలు. మనము తలచుకొనునది గేటు కాపరిని. గేటు కాపరి పని యేమి? బాటను మూసి జనమును ఆపుట. ఆపుట యనునది కాపాడుటకే యని తన ప్రాణముతో చూపినవాడు గనుకనే అతని పేరు నిలిచినది. దారి నాపు అధికారము గల ప్రతివానిని ఈ కొలతతోనే కొలువవలెను.

అయితే పోలీసులలో లోపములున్నవి గనుక మనము ఆగనక్కఱలేదను వాదము నిలుచునా? నిలువదు. 2022లో మన దేశమున రోడ్డుప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో 50,029 మంది హెల్మెట్టు లేని ద్విచక్రవాహనదారులును, వారి వెనుక కూర్చుండినవారును. పోలీసును మోసగించి దాటినవానిని రాయి విడువదు, లారీచక్రము విడువదు. వానలు తప్పిన యేట మన సీమలో ఎన్నో యిండ్లకు ఆధారము ఒక్కని సంపాదన. ఆ యొక్కడు పడిపోయినచో, పోలీసును తప్పించుకొన్న నేర్పు ఆ యింటికి ఒక పూట కూడు పెట్టదు.

ఇచ్చట నొక గట్టి ఆక్షేపణ కలదు. "హెల్మెట్టు లేనందుకు చట్టము చెప్పు జుర్మానా వేయి రూపాయలు. అది కూలివానికి కొన్ని దినముల కష్టము. రెండువందలు చేతిలో పెట్టి పోవుట వానికి మేలు కాదా?" అందురు. ఆ పేదవాని కష్టము నిజము. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఆ బేరము వానికొక్కనికే తెఱచిన ద్వారమా? బ్రేకులు చెడిన లారీకిని, త్రాగి తూలుచు నడుపువానికిని అదే ద్వారము, అదే వెల. ఉదయము మనము ఇన్నూఱు రూపాయలిచ్చి కొన్న దారిననే, సాయంకాలము మన పిల్లలు బడినుండి వచ్చునపుడు, ఆ లారీయు వచ్చుచున్నది. లంచమిచ్చినవాడు పోలీసును దూషించుట న్యాయము కాదు. ఆ చేతిని దీపమునకు దూరము చేసినవారిలో తానును ఒకడు.

దీపమునకును చేతికిని చుట్టఱికము పాతది. వీధికూడలిలో ఎఱ్ఱ, పచ్చ దీపములు మొట్టమొదట నిలిపినది 1868లో, లండనునందు, పార్లమెంటు భవనము చెంత. ఆ యేర్పాటును సూచించిన జె. పి. నైట్ రైలుమార్గముల యింజనీరు. రైలు సంకేతములను చూచియే దానిని కల్పించెను. ఆ దీపములను చేతితో త్రిప్పుటకు ఒక పోలీసువాడే అచ్చట నిలిచెను. కొలదికాలమునకే, 1869 ఆరంభమున, గ్యాసు ప్రేలి ఆ పోలీసువాడు గాయపడెను. దీపము ఎఱ్ఱనైనపుడు ధనికుని బండికి పచ్చగాను పేదవాని బండికి ఎఱ్ఱగాను కనబడదు. అందఱికిని ఒక్కటే. దీపమునందు మనకు గల నమ్మకమునకు మూల మిదియే. పోలీసుచేయి అట్లు సమముగా నుండినచో, దానిని గూడ నమ్ముటకు జనులు వెనుదీయరు.

చట్టము కోరునదియు నిదియే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము యూనిఫారముననున్న పోలీసు అధికారి అడిగినపుడు డ్రైవరు లైసెన్సు చూపవలెను. కాగితము ఇంట మఱచితినను చింత యక్కఱలేదు. 2018 నుండి సెల్‌ఫోనులోని డిజిలాకరు పత్రములను చూపినను చెల్లును. చలానాలోని నేరమును ఒప్పుకొననివాడు న్యాయస్థానమున తన మాట చెప్పుకొనవచ్చును. అంతేకాదు, 2019 సవరణమున మఱియొక నియమము చేర్పబడినది. ఈ చట్టమును అమలుపఱచు అధికారము గలవారే దానిని మీఱినచో, వారికి విధింపదగిన శిక్ష ఇతరులకన్న రెండింతలు. ఈ నియమము ప్రతి పోలీసుఠాణా గోడమీదను పెద్దయక్షరములతో వ్రాసియుంచిన బాగుండును. హెల్మెట్టు ధరించి వచ్చు కానిస్టేబులు పలుకు ఒక్క మాట, హెల్మెట్టు లేక వచ్చువాడు చేయు నూఱు ప్రసంగములకన్న మిన్న.

ప్రభుత్వములును ఒక సంగతి తలపోయవలసియున్నది. తెలంగాణమున 2022లో ప్రోగుపడిన చలానాలను వసూలు చేయుటకై ద్విచక్రవాహనములకు జుర్మానాలో ముప్పాతిక వంతు తగ్గించిరి. 2023 చివర మరల తగ్గింపు ప్రకటించిరి. బాకీలు వచ్చెను, నిజమే. పేదలకు కొంత ఊరటయు కలిగెను. కాని వెంటనే చెల్లించిన నియమపరుడు నష్టపోయెను. ఓపికపట్టిన మొండివాడు లాభపడెను. జుర్మానా సంతలో సరకువలె బేరమునకు వచ్చినపుడు, అది శిక్షయన్న సంగతి జనులు మఱతురు. మొదటనే పేదవాడు చెల్లింపగలంత విధించి, దానిని అందఱియొద్దను తప్పక పుచ్చుకొనుట మేలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదునెనిమిదేండ్లు నిండకముందే బిడ్డచేతికి తాళపుచెవి యిచ్చి, "మా వాడు బండి భలే నడుపును" అని మురియువారు మనలో పెక్కుమంది కలరు. ఏబది సీసీకి మించని చిన్నబండిని పదునాఱేండ్లకు నడుపవచ్చునని చట్టము చెప్పుచున్నది. కాని మన పిల్లలు ఎక్కునవి అట్టి చిన్నబండ్లు కావు. బాలుడు నేరము చేసినచో సంరక్షకునికి గాని, బండి యజమానికి గాని మూడేండ్లవఱకు చెఱయు, ఇరువదియైదు వేల రూపాయల జుర్మానాయు విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. కాని ఈ శిక్షలకన్న పెద్దకీడు మఱొకటి యున్నది. పోలీసును చూచి దారి మార్చు తండ్రి వెనుక కూర్చుండిన బిడ్డ, ఆ దినమున నేర్చుకొను పాఠమును మేము ఏడాదిపొడవునను పాఠశాలలో చెప్పినను చెఱుపజాలము.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఇంజను డ్రైవరు లగుదురు, కొందఱు పోలీసు ఉద్యోగులగుదురు, తక్కినవారందఱును బండ్లు నడుపువారే. చేయి యెత్తబడినపుడు ఆగుడు. ఇంజను ఆపి, నెమ్మదిగా "నమస్కారమండి" అని పత్రములు చూపుడు. తప్పు మీదైనచో రసీదు తీసికొని జుర్మానా చెల్లింపుడు. కానిచో మర్యాదతోనే అట్లు చెప్పి, చట్టము చూపిన మార్గమున పొండు. మామపేరు చెప్పకుడు, చేతిలో నోటు పెట్టకుడు. మీలో ఎవరైనను రేపు ఆ యూనిఫారము ధరించినచో, కలెక్టరు బండికిని కూలివాని బండికిని ఒకే తీరుగా చేయి యెత్తుడు, ఒకే తీరుగా మాటాడుడు. మన యూరి రైలుబండ్లు దినదినమును క్షేమముగా వచ్చిపోవుట ఇట్టి క్రమమువలననే. మన వీధులకును అది దక్కవలెనన్న, ఆగువారును ఆపువారును కలిసి పాటుపడవలెను.