ఓడెక్కే అమ్మకు గౌనెందుకు?

పిల్లలు చేతికంది నాలుగు డబ్బులు సంపాదిస్తే అమ్మానాన్నల్ని కాశీకి పంపించడం పాత సంగతి. ఇప్పుడు క్రూజ్ ఎక్కిస్తున్నారు. 2022 జూన్‌లో కొర్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చినప్పటి నుంచి, అమెరికాలో, సింగపూర్‌లో పిల్లలున్న వాళ్ళకే కాదు, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలున్న వాళ్ళకూ ఈ ముచ్చట అందుబాటులోకి వచ్చింది. చాలా సంతోషం. సముద్రం లేని జిల్లా మనది. బుక్కపట్నం చెరువు నిండి మరవ పారిందంటే బస్సు దిగి మరీ చూసొస్తాం. అలాంటి చోట పుట్టి, నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడిన ఆడమనిషి, నడిసముద్రంలో కూర్చుని ఇంకొకరు వడ్డిస్తే తింటుందంటే నాకు నిజంగా కళ్ళు చెమరుస్తాయి. నా గొడవ ఓడతో కాదు. టికెట్‌తో పాటు వచ్చే ఆ ఒక్క మాటతో: "అమ్మా, రాత్రి డిన్నర్‌కు చీరలు బాగుండవు. రెండు గౌన్లు ఆర్డర్ పెట్టాను, అవి తెచ్చుకో."

ఎవరు చెప్పారు బాగుండవని?

ధర్మవరంలో మాకు బాగా కావలసిన ఒకావిడ ఉన్నారు. అరవై దాటాయి. ఆవిడ బీరువా తెరిస్తే పసుపు బట్టల్లో చుట్టిన పట్టుచీరలు, మధ్యలో వేపాకులు. ఒక్కో చీరకు ఒక్కో కథ చెబుతారు. కిందటేడు కూతురు సింగపూర్ పిలిపించుకుని నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్ళింది. పట్టుచీరలు ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు. "అందరూ మననే చూస్తారమ్మా" అందట. ఆన్‌లైన్‌లో తెప్పించిన నల్ల గౌను, మోచేతుల దాకా చేతులున్నదే, పాపం ఆ పిల్ల తన వరకు ఆలోచించే కొన్నది. ఈవిడ దాని మీద చున్నీ కప్పుకుని, చున్నీ కింద చేతులు దాచుకుని, తల వంచుకుని తిని వచ్చారు. రెండో రాత్రి "కడుపులో బాగలేదు" అని గదిలోనే ఉండిపోయారు. ఆ నాలుగు రోజుల ఫోటోల్లో పగటివి ఉన్నాయి, డెక్కు మీదవి ఉన్నాయి. డిన్నర్ ఫోటో ఒక్కటీ లేదు. "ఏంటికి లేమ్మా, ఆ వేషంలో ఫోటోలు" అన్నారు నాతో. లక్షలు పోసి తీసుకెళ్ళిన ప్రయాణంలో ఆమెకు మిగిలిన మాట "వేషం".

ఆ కూతురు చెడ్డది కాదు. అమ్మను ఎవరూ వెక్కిరించకూడదనే తాపత్రయం. కానీ ఎవరో వెక్కిరిస్తారన్న భయంతో ముందుగా తనే వెక్కిరించింది కదా!

అసలు ఓడల వాళ్ళు ఏం అడుగుతారో చూద్దాం. మామూలుగా రాత్రి భోజనానికి రెండు మూడు రకాలు పెడతారు: క్యాజువల్, స్మార్ట్ క్యాజువల్, ఫార్మల్. వారం రోజుల ప్రయాణంలో ఫార్మల్ రాత్రులు ఒకటో రెండో ఉంటాయి. అవి కూడా పెద్ద డైనింగ్ హాల్లోనే. ఆ అవస్థ వద్దనుకుంటే బఫే దగ్గరకు వెళ్ళి మామూలు బట్టల్లో తినొచ్చు, ఎవరూ అడగరు. నార్వేజియన్ కంపెనీ వాళ్ళు 2000లోనే ఈ తప్పనిసరి ముస్తాబులు తీసేశారు. సెలబ్రిటీ వాళ్ళు 2015లో ఫార్మల్ అన్న పేరే మార్చి కాస్త సడలించారు. ఇక వద్దనే జాబితా చదవండి: ఈతబట్టలు, చేతుల్లేని బనియన్లు, స్నానాల చెప్పులు, మగవాళ్ళ నిక్కర్లు. చీర ఆ జాబితాలో ఎక్కడుంది? ఫార్మల్ అంటే గౌను అని మనవాళ్ళు తర్జుమా చేసుకున్నారు. దాని అర్థం, నలుగురితో కూర్చుని విందు తినేటప్పుడు ఆ విందుకు తగినట్టు ముస్తాబవ్వడం. పెళ్ళికి నైటీలో పోము కదా, అదే సూత్రం. బ్రిటిష్ వాళ్ళు బ్లాక్ టై విందులకు పిలిచేటప్పుడు, కార్డు మీద "లేదా మీ జాతీయ దుస్తులు" అని వేయడం కూడా ఎప్పటి నుంచో ఉన్న మర్యాదే. గౌను పుట్టిన చోటి వాళ్ళు మన చీరకు కుర్చీ వేసే ఉంచారు. లాగేస్తున్నది మనమే.

ఓడ, చీర కొత్తగా కలిసినవి కూడా కావు. ఆనందీబాయి జోషి 1883లో కలకత్తాలో ఓడెక్కి అమెరికా వెళ్ళి డాక్టరు చదివింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. 1885 నాటి ఫోటో ఒకటి ఉంది, వీలైతే వెతికి చూడండి. అదే కాలేజీలో చదివిన జపాన్ అమ్మాయి కిమోనోలో, సిరియా అమ్మాయి వాళ్ళ దేశపు బట్టల్లో, మధ్యలో కాదు గానీ పక్కనే ఆనందీబాయి చీరలో. ముగ్గురిలో ఒక్కరి ముఖంలోనూ జంకు లేదు. మన హైదరాబాదు సరోజినీ నాయుడు 1931 ఆగస్టులో గాంధీగారు వెళ్ళిన రాజపుతానా ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళారు. ఆవిడ పట్టుచీరల మోజు లోకానికంతా తెలిసిందే. ఎవరైనా ఆవిడను గౌను వేసుకోమని ఉంటే ఏం సమాధానం వచ్చేదో ఊహించుకుంటేనే నాకు నవ్వొస్తుంది.

ఇంకెక్కడికో ఎందుకు, మన పుట్టపర్తి వీధుల్లో నిలబడండి. దశాబ్దాలుగా చూస్తున్నాం. ఇటలీ ఆవిడ, రష్యా ఆవిడ, అర్జెంటీనా ఆవిడ, ప్రశాంతి నిలయానికి చీర కట్టుకుని వెళుతుంటారు. కుచ్చిళ్ళు ఒకవైపు జారుతుంటాయి, కొంగు భుజం మీద నిలవదు, కింద లంగా రెండంగుళాలు కనిపిస్తుంటుంది. మనం నవ్వామా? పూలమ్మే ఆమె బుట్ట దింపి వాళ్ళ కుచ్చిళ్ళు సర్దిన రోజులు నేను చూశాను. ఊళ్ళో దర్జీలు వాళ్ళ కొలతలకు జాకెట్లు, లంగాలు కుట్టి బతికారు. చీర సరిగ్గా కట్టడం రాని వాళ్ళను ఇంత ముద్దుగా చూసిన ఊరు మనది. అలాంటిది కళ్ళు మూసుకుని కుచ్చిళ్ళు పోసుకోగల మన అమ్మ, వాళ్ళ ఎదుట చీరలో కూర్చుంటే పరువు పోతుందా?

నిజం చెప్పాలంటే పరువు పోతుందన్న భయం తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకున్నది కూడా కాదు. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు, పంచె కట్టుకొచ్చాడని సాక్షాత్తూ హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. అలా అడ్డుకోకూడదని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది చట్టం చేయాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో ఢిల్లీలో ఒక రెస్టారెంట్‌లో, చీర స్మార్ట్ క్యాజువల్ కిందికి రాదని సిబ్బంది అన్న వీడియో దేశమంతా తిరిగింది. తర్వాత వాళ్ళు వేరే వివరణ ఇచ్చుకున్నారులెండి. చెన్నై, ఢిల్లీ రెండూ మన ఊళ్ళే. గుమ్మం దగ్గర నిలబడి ఆపింది మన మనుషులే.

"అది సరే గానీ, ఓడ ఊగుతుంది, మెట్లుంటాయి, గాలి, చీరతో పడిపోతే?" అంటారు. ఈ మాట మాత్రం నేను తోసెయ్యను. పగలు డెక్కు మీద గాలికి కొంగు నిలవదు. ఊళ్ళు చూడ్డానికి దిగేటప్పుడు, చిన్న పడవలోకి మారేటప్పుడు పంజాబీ డ్రెస్సే నయం. అక్కడ కూడా చీరే కట్టాలని పట్టుబట్టేది మూర్ఖత్వం. నేను మాట్లాడుతున్నది రాత్రి భోజనం గురించి. నాలుగు గోడల మధ్య, తివాచీ పరిచిన హాల్లో, కుర్చీలో కూర్చుని తినే రెండు గంటలు. లిఫ్టు కూడా ఉంటుంది. 1960ల నుంచి ఎయిర్ ఇండియా ఆడపిల్లలు చీర కట్టుకుని, ఎగిరే విమానంలో, ఇరుకు దారిలో వేడి కాఫీ పోశారు. 2023 చివర్లో యూనిఫాం మార్చినా చీరను వదల్లేదు. మన అమ్మ కూర్చుని సూప్ తాగలేదా? పైగా అలవాటు లేని హీల్సు, కాళ్ళకు అడ్డంపడే పొడుగు గౌను వేసి నడిపిస్తేనే పడే ప్రమాదం ఎక్కువ.

ఇదే అదనుగా కోడళ్ళ మీదికి వెళ్ళే అత్తగార్లుంటారు, వాళ్ళకూ ఒక మాట. మీ కోడలికి గౌను ఇష్టమైతే గౌనే వేసుకోనివ్వండి, ఆ పిల్లకు బాగానే ఉంటుంది. "నాన్న ప్యాంటు చొక్కాతో హాయిగా ఉన్నాడు, అమ్మ మాత్రం మారాలి" అన్నప్పుడే నాకు మండుతుంది. చూడండి, ఈ మార్పంతా ఆడవాళ్ళకే, అందులోనూ ఎదురు చెప్పలేని వయసు వాళ్ళకే.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒకే ఒక్కసారి కట్టి మూలన పడేసే గౌన్లకు డబ్బు పోస్తున్నాం. మన ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. వెడల్పాటి జరీ అంచు, వెలుతురు పడితే రెండు రంగులు తిరిగే ఒడలు, లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మల్లోని అంచుల పోలికలు. ఓడ హాల్లో దీపాల కింద ఆ డబుల్ షేడ్ చీర మెరిసినట్టు ఆన్‌లైన్ నైలాను మెరవదు. ఇంట్లో మగాయన మగ్గం మీద కూర్చుంటే ఇంటావిడ కండెలు చుట్టి, తెగిన పోగులు అతికి, ఇద్దరూ వంగితే గానీ ఒక చీర దిగదు. మరమగ్గం నకళ్ళు ఒకవైపు, పట్టునూలు ధర ఒకవైపు నలిపేస్తుంటే, అప్పులకు ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ వార్తలు మనం జిల్లా పేపర్లో చదివినవే. పెళ్ళికి తప్ప పట్టు పనికిరాదని మన పిల్లలే అంటుంటే, ఆ మగ్గం ఎవరి కోసం ఆడాలి?

కాబట్టి ఈ ఎండాకాలం మీ ఇంట్లో ఎవరైనా ఓడెక్కుతుంటే ఇలా సర్దండి. నాలుగైదు రాత్రులకు మూడు చీరలు చాలు. ఫార్మల్ రాత్రికి ఒక ధర్మవరం, మరీ బరువు జరీ కాకుండా. మిగతా రోజులకు మెత్తని పట్టు రెండు. మంగళగిరి నూలు నాకు ప్రాణమే గానీ ఓడకు వద్దు, అది ఇస్త్రీ లేకుండా నిలబడదు. నిప్పు భయంతో గదుల్లోకి ఇస్త్రీపెట్టెలు రానివ్వరు, డబ్బులిస్తే వాళ్ళే చేసిస్తారు. పట్టు అయితే మడత విప్పి హ్యాంగరుకు వేస్తే రాత్రికి సర్దుకుంటుంది. చీర నేల నుంచి ఒక అంగుళం పైకి కట్టాలి, చెప్పులు మడమ ఎత్తు లేనివి. కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి పిన్ను. హాల్లో ఏసీ చలి గట్టిగా ఉంటుంది, చేతులు పొడుగున్న జాకెట్టు, లేదా పైన ఒక శాలువా. జరీకి ఉప్పుగాలి పడదు, కట్టిన చీరతో డెక్కు మీద చాలాసేపు నిలబడొద్దు. ఇంటికొచ్చాక నీడలో ఆరేసి గానీ బీరువాలో పెట్టొద్దు. మొదటి రాత్రి పెట్టెలు గదికి ఆలస్యంగా వస్తాయి, ఒక చీర చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇంకొకటి మర్చిపోయేను. ఓడలో ఒక కార్డిస్తారు. గది తాళం అదే, దిగడానికి, ఎక్కడానికి అదే, ఏం కొన్నా అదే. చీరకు జేబుండదు కదా, దాని కోసం ఒక చేతిసంచి కొనిపిస్తారు, అది కుర్చీ మీద మర్చిపోయి వస్తారు. మీ దర్జీకి చెప్పి లంగా నడుము పట్టీ దగ్గర చిన్న జేబు కుట్టించండి. మా అవ్వ బొడ్లో దోపుకునే వక్కాకు సంచి ఎంతుండేదో, అంత చాలు.