వస్త్రధారణము: అంచు ఎచ్చట ఆగవలెను?



గత దసరా సెలవులకు మా అన్నగారి కుమార్తె హైదరాబాదునుండి మా జుక్కల్ గ్రామమునకు వచ్చినది. అచ్చట కళాశాలలో చదువుకొనుచున్నది. వచ్చునప్పుడు క్రొత్తగా కొనిన జీన్సులాగు నొకదానిని తెచ్చుకొన్నది. చీలమండకు కొంచెము పైన ఆగునట్లు కుట్టిన లాగు. అంగళ్ళలో దీనిని క్రాప్డ్ జీన్సు అందురు. బొమ్మలో చూచి ముచ్చటపడి కొన్నదట. తీరా తొడుగుకొని చూడగా, చీలమండకు పైన ఆగవలసినది పాదములమీదికి జారినది. బొమ్మలోని యామె పొడగరి. మా పిల్ల పొట్టి. ఏమి చేయును? అంచును మూడు మడతలు పైకి మడచుకొని పండుగనాడు బంధువుల నడుమకు వచ్చినది. చూచినవారిలో నొకరు, "అమ్మాయీ, ఉన్న కాళ్ళను కూడ సగము చేసికొంటివేమి?" అని నవ్విరి. తక్కినవారును నవ్విరి. పిల్ల మారుమాటాడక లోపలికి పోయి, ఆ లాగును పెట్టె యడుగున పడవేసి, సాయంకాలము జమ్మికి పోవుటకును లేవక పడుకొన్నది.

ఇది చిన్న సంగతి యని కొందరు తలంపవచ్చును. కాని పదునెనిమిదేండ్ల పిల్లకు తన కాళ్ళను చూచుకొని తానే సిగ్గుపడవలసివచ్చుట చిన్న సంగతి కాదు. మన యిండ్లలో నిట్టి మాటలు ఎన్ని దొర్లుచుండునో మీకు తెలియును. కావున ఈ నెల ఆ లాగును గూర్చియే వ్రాయుచున్నాను.

దానికి మార్గము చెప్పినది దర్జీ కాదు, ఎనుబదియేండ్లు దాటిన మా యమ్మ. మా ప్రాంతము మూడు భాషలు కలియుచోటు. ఒకవైపు మహారాష్ట్రములోని దెగ్లూరు, మరియొకవైపు కర్ణాటకములోని ఔరాదు. మరాఠీ స్త్రీలవలెనే మా పెద్దవారును తొమ్మిదిగజముల చీరను గోచిపోసి కట్టుదురు. నల్లరేగడిలో ప్రత్తి యేరునప్పుడు అంచును పిక్కలపైకి ఎగదోపుదురు. సంతకు బయలుదేరునప్పుడు చీలమండలదాక దింపుదురు. అంచు ఎచ్చట ఆగిన కాలు ఎట్లు కనబడునో వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

మా యమ్మ మరునాడు మనుమరాలిని లేపి, ఆ లాగును తెప్పించి, "బిడ్డా, గా మడతలు ఇప్పు. పొట్టిదానికి పెద్దంచు చీర గడ్తరా?" అని యడిగినది. మా యమ్మ యెత్తు నాలుగడుగుల పదియంగుళములు. ఆమె తన జీవితములో వెడల్పంచు చీర కట్టి యెరుగదు. వెడల్పైన అంచు క్రిందినుండి కాలిని మ్రింగివేయునని ఆమె మాట. చూపు పైనుండి క్రిందికి జారుచు, అడ్డుగీత కనబడినచోట ఆగిపోవును. సన్నని అంచైన, దుస్తు రంగునకు దగ్గరి రంగైన, చూపు ఆగక పాదమువరకు పోవును.

జీన్సు మడతలో జరుగునదియు నిదియే. ఈ గుడ్డలో నిలువుపోగులకు నీలిరంగు వేయుదురు. అడ్డుపోగులను తెల్లగనే విడుతురు. ఏటవాలు నేతవలన నీలిపోగులు ఎక్కువగా పైకి తేలును, తెల్లపోగులు లోపలికి పోవును. కనుకనే లోపలివైపు వెలవెలబోయి యుండును. అంచును పైకి మడచినంతనే ఆ తెల్లని భాగము బయటపడి కాలికి అడ్డముగా పట్టీవలె నిలుచును. మా పిల్ల మూడు మడతలు వేయుటచే ఆ పట్టీ మందమై, సరిగా పిక్క లావైనచోట కూర్చున్నది. పొట్టితనము కాలిలో లేదు, మడతలో నున్నది.

పిమ్మట మేము అద్దము ముందర నిలిచి, దర్జీసుద్దతో మూడు గురుతులు పెట్టి, ఒక్కొక్కదానివద్ద అంచును లోపలికి మడచి గుండుసూదులు గ్రుచ్చి చూచితిమి. పిక్క నడుమ ఆగినప్పుడు కాలు లావుగను కురుచగను కనబడినది. చీలమండ యెముకమీద ఆగినప్పుడు లాగు పొడవు చాలనట్లు తోచినది. ఎముకకు రెండు వ్రేళ్ళు పైన, కాలు మిక్కిలి సన్నగిలినచోట ఆగినప్పుడు మాత్రము కాలు సాగినట్లు కనబడినది. మీరును మీ పిల్లల కిట్లే చూడుడు. ఆ సన్నని చోటు అందరికి నొక్కటి కాదు. కొందరికి మూడు వ్రేళ్ళు పైన నుండవచ్చును.

ఇక కుట్టుపని. నూలుగుడ్డ కావున మొదట నీళ్ళలో తడిపి ఆరవేయక కత్తెర పెట్టరాదు. తడిసి కురుచయైన పిదప కొలిచి, మడతకై ఒక యంగుళము విడిచి కోయవలెను. క్రిందికి సన్నగిలు లాగును అడుగున కోసినచో దాని సన్నని భాగమే పోవును. మిగిలిన అంచు వెడల్పుగా తెరచుకొని కాలిచుట్టు ఊగులాడును. అందుచే మోకాలినుండి క్రిందికి లోపలివైపు కుట్టును కొంత లోనికి పట్టుమని దర్జీకి చెప్పవలెను. ఇంట మిషను కలవారు 16 నంబరు సూదిని వాడుడు; సన్నని సూది ఆ మందమునకు విరుగును. కుట్టునకు నీలిదారము వాడినచో అంచు గీతగా కనబడదు.

నడుమును గూర్చి యొక మాట. నడుముపట్టీ బొడ్డుదాక వచ్చు లాగులో కాలు అచ్చటినుండియే మొదలైనట్లు కనబడును. తుంటిమీదికి జారు లాగు నడుమును సాగదీసి కాలిని తగ్గించును. పైని కుర్తా మోకాలిదాక వచ్చినచో మిగిలిన కాలు జానెడే. తుంటివరకు ఆగు కుర్తా మేలు. పెద్దలు పొడుగు కుర్తాయే వేయుమందురా, ప్రక్కచీలికలు పైదాక నుండునట్లును, రంగు లాగునకు దగ్గరగా నుండునట్లును చూచుకొనుడు. అప్పుడు పెద్దల మాటయు దక్కును, కాలి నిలువుగీతయు తెగదు. చున్నీని రెండు భుజములపై అడ్డముగా పరచుటకంటె ఒక భుజముననుండి నిలువుగా వ్రేలాడనిచ్చుట యొప్పును.

పాదమున చీలమండచుట్టు పట్టీ బిగియు చెప్పులు వలదు. కొల్హాపురి చెప్పులవలె పాదముపైభాగము కనబడునవియు, మేనిరంగునకు దగ్గరవియు చాలును. ఎత్తుమడమలతో పని లేదు. వెండిపట్టీలు విడువనవసరము లేదు గాని సన్ననివి పెట్టుకొనుడు. లావు కడియము, దానికి రెండంగుళములపై లాగు అంచు, ఈ రెండు గీతలు చేరిన మరల మొదటి చిక్కే వచ్చును.

మా పిల్ల యడిగిన ప్రశ్న యొకటి మిగిలినది: "అత్తయ్యా, నాకు సరిపోవునట్లు వాండ్లే ఎందుకు కుట్టరు?" అడుగదగిన ప్రశ్నయే. జీన్సు మన కొలతలకు పుట్టినది కాదు. 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అను దర్జీయు, లెవీ స్ట్రాస్ అను బట్టల వర్తకుడును జేబులమూలలకు రాగిమేకులు బిగించు పద్ధతికి పేటెంటు పొందిరి. అది కాయకష్టము చేయు మగవారికై కుట్టిన లాగు. చీలమండకు పైన ఆగు స్త్రీల లాగులకు 1948 ప్రాంతమున జర్మనీలో సోన్యా డి లెన్నార్ట్ రూపము కల్పించినది. తరువాత ఆడ్రీ హెప్‌బర్న్ వంటి పొడగరి చలనచిత్రనటీమణులు తొడుగగా లోకమంతట వ్యాపించినవి. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఐనను మన అంగళ్ళలోని సైజులు చిరకాలము అమెరికా, బ్రిటను కొలతలనే అనుసరించుచు వచ్చినవి. ఈ కొరతను తీర్చుటకే జాతీయ ఫ్యాషను సాంకేతిక సంస్థవారు ఇండియాసైజ్ అను పేర, హైదరాబాదు మొదలగు ఆరు నగరములలో 25,000 మందికి పైగా స్త్రీపురుషుల కొలతలు తీయ సంకల్పించిరి. కొలత తప్పినది అంగడిలో. నవ్వులపాలైనది మా యింటి పిల్ల!

సంక్రాంతికి పిల్ల మరల వచ్చినది; ఆ లాగునే తొడుగుకొని వచ్చినది. కాళ్ళు పెరుగలేదు. ఎవరును నవ్వలేదు, ఎవరును ప్రత్యేకముగా మెచ్చుకొననులేదు. ముగ్గులు వేసినది, గాలిపటము ఎగురవేసినది, తమ్ములతో చేనికి పోయివచ్చినది. మా యమ్మ మాత్రము అంచును చేతబట్టి చూచి, కుట్టు వంకరపోయినదని దర్జీని నాలుగు తిట్టినది.

తల్లులకును అత్తలకును నేను చెప్పునది యిదియే. పిల్ల క్రొత్తబట్ట తొడుగుకొని యెదుట నిలిచినప్పుడు అది కుదరలేదని తోచిన, "నీ కాళ్ళు పొట్టి" అనకుడు. "అంచు రెండు వ్రేళ్ళు దింపుదము, రా" అనుడు. మొదటిమాట విన్న పిల్ల పెట్టె మూయును. రెండవమాట విన్న పిల్ల సుద్ద తెచ్చియిచ్చును. కాలిని మార్చుట మనచేత గాదు. అంచును మార్చుటకు అరగంట చాలును.