పెద్ద కార్బ్ కొనే ముందు పాతదాన్ని చదవండి

మన కాలేజీ పార్కింగ్‌లో ఇప్పటికీ ఆర్‌ఎక్స్ 100లు కనిపిస్తాయి. ఏ నాన్నదో, మేనమామదో అయ్యుంటుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, మనలో అందరికంటే పెద్దది. అది చేతికి రాగానే వినిపించే మొదటి మాట: "పికప్ పెంచాలి మావా, పెద్ద కార్బ్ వేయిద్దాం." నా పేచీ అంతా ఆ మాటతోనే. కంపెనీ వేసిన పాత కార్బొరేటర్‌ని సరిగ్గా గుర్తుపట్టి సెట్ చేసుకుంటే వచ్చే పనితనం, డబ్బా మీద 'రేసింగ్' అని రాసున్న కొత్తదాంతో రాదని నా వాదన.

లెక్క చూద్దాం. ఆర్‌ఎక్స్ 100కి వచ్చింది మికునీ వీఎం 20. ఆ 20 అంటే గాలిదారి వ్యాసం, మిల్లీమీటర్లలో. దాని బదులు 24 పెడితే వ్యాసం పెరిగేది 4 మిల్లీమీటర్లే గానీ వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. ఇంజిన్ మాత్రం అదే 98 సీసీ. తక్కువ ఆర్‌పీఎంలో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా మొత్తం తిప్పితే, అంతే గాలి పెద్ద దారిలో పోవాలి కాబట్టి దాని వేగం దాదాపు 30 శాతం పడిపోతుంది. పెట్రోలును జెట్‌లోంచి పైకి లాగే పీడన తేడా వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని బెర్నూలీ పాఠంలో చదివాం కదా? అంటే ఆ లాగుడు సగానికి వచ్చేస్తుంది. సిగ్నల్ పడగానే అబిడ్స్ సర్కిల్లో బండి 'బుస్' మని నీరసపడేది అందుకే. పోర్టింగ్ చేయించి, ఎగ్జాస్ట్ మార్చిన ఇంజిన్‌కి పెద్ద కార్బ్ అవసరం పడొచ్చు, కాదనను. స్టాక్ ఇంజిన్‌కి మాత్రం అది సైజు చాలని చొక్కా మీద కొన్న పెద్ద గుండీ లాంటిదే.

మరి గుర్తుపట్టడం ఎలా? కార్బ్ మీదే రాసుంటుంది. పెట్రోల్‌తో కడిగి, టార్చి వేసి చూడండి. బాడీ మీద పోతలో వచ్చిన కంపెనీ గుర్తు, మోడల్ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, చెరిగినట్టున్నాయా? ఫ్లోట్ గిన్నె విప్పితే జెట్ల మీద నంబర్లు, సూది పైభాగంలో సన్నటి కోడ్, స్లైడ్ మీద కటవే నంబరు దొరుకుతాయి. పాత బళ్ళలో చాలాసార్లు బాడీ ఒరిజినలే, లోపల మాత్రం నలుగురు మెకానిక్‌లు నాలుగు బళ్ళలోంచి తెచ్చి వేసిన ముక్కలుంటాయి. ఇంకో మెలిక: మికునీ హెక్స్ మెయిన్ జెట్ నంబరు పెట్రోల్ ప్రవాహాన్ని బట్టి, కెయిహిన్‌ది రంధ్రం వ్యాసాన్ని బట్టి. రెంటి మీదా 100 అనున్నా ఆ రెండూ ఒకటి కావు.

సెట్టింగ్ కూడా వరస ప్రకారమే జరగాలి. ఐడిలింగ్‌కి పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. కొంచెం తెరిస్తే స్లైడ్ కటవే. సగం దగ్గర సూది. క్లిప్ ఒక గాడి కిందకి దించితే సూది పైకి లేచి మిశ్రమం రిచ్ అవుతుంది. మొత్తం తెరిస్తే మెయిన్ జెట్. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

మన ఊరి సంగతీ ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పీడనం తీరం కంటే దాదాపు 6 శాతం తక్కువ. చెన్నైలో ఎవరో చెప్పిన జెట్ నంబరు ఇక్కడ కాస్త రిచ్ అవుతుంది. ఇక్కడ అంచు దాకా లీన్ చేసి కుదిర్చిన బండి వైజాగ్ వెళ్తే ఇంకా లీన్ అవుతుంది. ఇది మైలేజీతో పోయే విషయం కాదు. మా సీనియర్ ఒకాయన కొత్త కార్బ్‌లో ఏ జెట్ ఉందో చూడకుండానే హైవే ఎక్కాడు. ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ పట్టేసి వెనక చక్రం లాక్ అయింది. క్లచ్ మీద వేళ్ళున్నాయి కాబట్టి బతికాడు. ఇక మరీ రిచ్ చేస్తే పొల్యూషన్ చెక్‌లో ఆగుతుంది, వెనకొచ్చే వాళ్ళు పొగ మింగుతారు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. ఆ విద్య ఇప్పుడు వయసు మీదపడ్డ మెకానిక్‌ల చేతుల్లో ఉంది. నాంపల్లి, గోషామహల్ వైపు పాత సామాను దుకాణాల్లో జెట్ పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసే పెద్దాయన ఎవరైనా దొరికితే బేరం తర్వాత, ముందు ఆయన్ని నాలుగు ప్రశ్నలడగండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో పాత సర్వీస్ మాన్యువల్ కనబడితే వదలకండి. మన ల్యాబ్‌లో కూడా ఒక పాత వీఎం 20 ఉంటే బాగుంటుంది, బీరువాలో కాదు, బల్ల మీద విప్పి. విప్పి చదివాక కూడా పెద్దది కావాలనిపిస్తే కొనండి. అప్పుడైనా ఎందుకు కొంటున్నారో మీకు తెలుస్తుంది.